వ్యక్తిత్వ వికాస గ్రంథాలు - నిత్యవ్యవహారంలో మనోవైద్య భావనలు: ఉప్పల్, నాచారం నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

మనసుకు సంబంధించిన వైద్యభావనలు తెలుగువారి నిత్యవ్యవహారంలోకి ప్రధానంగా ఆసుపత్రుల ద్వారా రాలేదు. నవల, వారపత్రికల్లోని సలహా శీర్షిక, వ్యక్తిత్వ వికాస గ్రంథం అనే మూడు ముద్రిత మార్గాల్లో వచ్చాయి. వీటిలో మూడవది 1990ల నుంచి అత్యంత ప్రభావశీలమైంది. ఈ వ్యాసం ఆ ప్రస్థానాన్ని వివరిస్తుంది. దుఃఖాన్ని, భయాన్ని చెప్పుకునే తెలుగు వాక్యనిర్మాణంలో వచ్చిన మార్పును పరిశీలిస్తుంది. పరిశ్రమలు, పరిశోధన సంస్థలు, కళాశాలలు పక్కపక్కన ఉన్న తూర్పు హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ప్రాంతాలను నేపథ్యంగా తీసుకుని, ఈ భావనల వల్ల కలిగిన మేలును, వాటి పరిమితులను చర్చిస్తుంది.

కీలకపదాలు: వ్యక్తిత్వ వికాసం, మనోవైద్యం, న్యూనతాభావం, ఒత్తిడి, కుంగుబాటు, ఆత్మార్థకం, ఉప్పల్, నాచారం.

1. ఉపోద్ఘాతం:

'వాడికి ఇన్‌ఫీరియారిటీ కాంప్లెక్స్', 'ఆమె డిప్రెషన్‌లోకి వెళ్ళిపోయింది', 'నాకు స్ట్రెస్ ఎక్కువైంది' - ఇటువంటి వాక్యాలు ఈనాడు ఉప్పల్ మెట్రో స్టేషన్‌లోనో, నాచారం పారిశ్రామికవాడ టీకొట్టు దగ్గరో వినబడితే ఎవరూ ఆశ్చర్యపడరు. ఈ మాటలు పలికేవారిలో చాలామంది మనోవైద్యుణ్ణి ఎన్నడూ సంప్రదించి ఉండరు. మనస్తత్వశాస్త్రాన్ని పాఠ్యాంశంగా చదివినవారు అంతకన్న తక్కువ. అయినా ఆ శాస్త్రాల పరిభాష వారి నాలుకపై ఉంది. అది అక్కడికి ఎలా చేరింది? చేరే దారిలో దాని అర్థం ఏ విధంగా మారింది? అది రాకముందు అదే బాధను చెప్పుకోవడానికి ఉన్న మాటలు ఏమయ్యాయి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలను అన్వేషించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

ఇది కేవలం పదాల చరిత్ర కాదు. ఒక విద్యార్థి తన బాధకు ఏ పేరు పెట్టుకుంటాడన్నదానిపై అతడు ఎవరి దగ్గరికి వెళ్తాడన్నది ఆధారపడి ఉంటుంది. పేరు 'బద్ధకం' అయితే తనను తానే తిట్టుకుంటాడు. 'గాలి సోకడం' అయితే ఇంటివారు భూతవైద్యుడి దగ్గరికి తీసుకువెళ్తారు. 'వ్యాధి' అయితే వైద్యుని దగ్గరికి వెళ్తాడు. 'అన్యాయం' అయితే తోటివారితో కలిసి నిలదీస్తాడు. కనుక పేరు పెట్టే అధికారం ఏ పుస్తకాలకు దక్కిందో తెలుసుకోవడం భాషాసాహిత్యాల అధ్యాపకులకు అప్రస్తుతం కాదు.

2. రెండు పేర్లు - రెండు దారులు:

ఆంగ్లంలో 'సెల్ఫ్ హెల్ప్' అనే పేరుకు మూలం 1859లో శామ్యూల్ స్మైల్స్ ప్రచురించిన గ్రంథం. ఆ పేరును తెలుగు చేస్తే 'స్వయం సహాయం' అవుతుంది. అయితే తెలుగులో ఆ మాట పుస్తకాలకు స్థిరపడలేదు, మహిళల పొదుపు సంఘాలకు స్థిరపడింది. 1982లో మొదలైన డ్వాక్రా పథకం, 1992 నాటి దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం అనంతరం ఊరూరా విస్తరించిన పొదుపు సంఘాలు కలిసి 'స్వయం సహాయక సంఘం' అనే పదబంధాన్ని ఇంటింటి మాటగా మార్చాయి. ఇందులో 'స్వయం' అన్నది ఒంటరి వ్యక్తిని సూచించదు. పదిమంది కలిసి తమకు తాము చేసుకునే సహాయాన్ని సూచిస్తుంది.

పుస్తకాలకు మాత్రం 'వ్యక్తిత్వ వికాసం' అనే పేరు దక్కింది. ఇది 'పర్సనాలిటీ డెవలప్‌మెంట్'కు అనువాదం. ఇక్కడ సంఘం లేదు, వ్యక్తి ఉన్నాడు. సహాయం లేదు, వికాసం ఉంది. ఇంచుమించు ఒకే దశాబ్దంలో తెలుగు సమాజంలో బలపడిన ఈ రెండు పదబంధాలు రెండు భిన్నమైన దారులను చూపాయి. కష్టానికి మూలం బయట ఉందనీ, దాన్ని కలిసి ఎదుర్కోవాలనీ మొదటిది చెప్పింది. కష్టానికి మూలం ఆలోచనాసరళిలో ఉందనీ, దాన్ని ఎవరికి వారు మార్చుకోవాలనీ రెండవది చెప్పింది.

తెలుగులో హితబోధకు సుదీర్ఘమైన సంప్రదాయం ఉంది. సుమతీ శతకం, వేమన పద్యాలు, చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853) తరతరాలకు లోకనీతిని బోధించాయి. వ్యక్తిత్వ వికాస గ్రంథాన్ని ఈ సంప్రదాయానికి కొనసాగింపుగా భావించడం సహజం. కాని ఒక మౌలికభేదం ఉంది. నీతి సాహిత్యం ప్రధానంగా ప్రవర్తనను గురించి మాట్లాడుతుంది: ఎవరితో స్నేహం చేయాలి, ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ మౌనం వహించాలి అన్నవి దాని ప్రశ్నలు. వ్యక్తిత్వ వికాస గ్రంథం మనసు నిర్మాణాన్ని గురించి మాట్లాడుతుంది: నీలో ఏ భయం దాగి ఉంది, బాల్యంలో ఏ అనుభవం దానికి కారణం, నీ గురించి నీకున్న అభిప్రాయం ఏమిటి అన్నవి దాని ప్రశ్నలు. ఈ రెండవ తరహా ప్రశ్నలు మనోవైద్యం నుంచి వచ్చినవి.

3. వైద్యుని గది నుంచి పుస్తకానికి:

ఈ ప్రశ్నలు పాశ్చాత్యదేశాల్లోనే ముందుగా వైద్యుని గది దాటి పుస్తకాల్లోకి వచ్చాయి. ఈ పరిణామంలో మూడు ధారలను గుర్తించవచ్చు.

మొదటిది, వైద్యులే నేరుగా సామాన్యులను ఉద్దేశించి రాసిన ధార. వియన్నాలో ఫ్రాయిడ్ నుంచి విడివడిన ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ సామాన్య ప్రజలకు ఇచ్చిన ఉపన్యాసాల ఆధారంగా 1927లో మానవస్వభావాన్ని వివరించే గ్రంథాన్ని వెలువరించారు. న్యూనతాభావం అనే భావనకు లోకవ్యాప్తి కలిగింది ఆయన వల్లనే. మనోవైద్యులైన ఎరిక్ బెర్న్ రాసిన 'గేమ్స్ పీపుల్ ప్లే' (1964), థామస్ హారిస్ రాసిన 'ఐయామ్ ఓకే - యూ ఆర్ ఓకే' (1967) ప్రతి మనిషిలోనూ తల్లిదండ్రి, వయోజనుడు, శిశువు అనే మూడు స్థితులు ఉంటాయన్న సిద్ధాంతాన్ని లక్షలాది పాఠకులకు చేర్చాయి. ఆరన్ బెక్ రూపొందించిన చికిత్సాపద్ధతిని డేవిడ్ బర్న్స్ 'ఫీలింగ్ గుడ్' (1980) ద్వారా పాఠకుడు ఇంట్లో కూర్చుని చేసుకోగల అభ్యాసాలుగా మార్చారు.

రెండవది, మతబోధకులు మనోవైద్య పరిభాషను స్వీకరించిన ధార. నార్మన్ విన్సెంట్ పీల్ 'ద పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్' (1952) ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆయన క్రైస్తవ బోధకుడు. స్మైలీ బ్లాంటన్ అనే మనోవైద్యునితో కలిసి పనిచేశారు. జోసెఫ్ మర్ఫీ 'ద పవర్ ఆఫ్ యువర్ సబ్‌కాన్షస్ మైండ్' (1963) కూడా ఈ కోవలోనిదే. ఇందులోని 'సబ్‌కాన్షస్' ఫ్రాయిడ్ చెప్పిన అచేతనం కాదు. కోరినదాన్ని ప్రసాదించే అంతర్గత శక్తిగా ఇక్కడ అది రూపుదిద్దుకుంది. తెలుగు అనువాదాల్లో సుప్తచేతన, ఉపచేతన, అంతశ్చేతన అనే పర్యాయపదాలు కలగాపులగంగా వాడుకలోకి రావడానికి ఈ రెండు సంప్రదాయాల కలయిక ఒక కారణం.

మూడవది, వ్యాపార, ఉద్యోగ విజయాల ధార. డేల్ కార్నెగీ 1936లో మనుషులను ఆకట్టుకునే విధానాన్ని గురించి, 1948లో చింతను మానే విధానాన్ని గురించి రాసిన గ్రంథాలు దీనికి ఆద్యమైనవి. ఇక్కడ మానసిక ఆరోగ్యం లక్ష్యం కాదు, విజయానికి సాధనం.

తెలుగు పాఠకుడికి ఈ మూడు ధారలూ విడివిడిగా అందలేదు. చికిత్స, విశ్వాసం, విజయం ఒకే పుస్తకంలో కలిసిపోయి వచ్చాయి. తెలుగు వ్యక్తిత్వ వికాస గ్రంథాల బలమూ, బలహీనతా ఈ మిశ్రమంలోనే ఉన్నాయి.

4. తెలుగులో మూడు మార్గాలు:

4.1 నవల:

తెలుగు పాఠకుడికి మనోవిశ్లేషణ తొలుత పరిచయమైంది సృజనాత్మక సాహిత్యం ద్వారా. 1940లలో వెలువడిన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' నవలలను విమర్శకులు ఫ్రాయిడ్, ఆడ్లర్ సిద్ధాంతాల వెలుగులో చదివారు. 1950ల నాటి రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లోని సుబ్బయ్య తెలుగు విమర్శలో న్యూనతాభావానికి మారుపేరయ్యాడు. నవీన్ 'అంపశయ్య' (1969) ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక్కరోజు మనోగతాన్ని చైతన్యస్రవంతి పద్ధతిలో చిత్రించింది. హబ్సిగూడ దాటితే ఉప్పల్ వచ్చే ఈ ప్రాంత పాఠకులకు ఆ నవలలోని ఆవరణ సుపరిచితం.

ఈ నవలలు పాత్ర మనసును విప్పి చూపాయి గాని, పాఠకుడికి చికిత్స సూచించలేదు. సుబ్బయ్య భయాన్ని అతని పేదరికం నుంచి, అతని చుట్టూ ఉన్న బలవంతుల నుంచి విడదీసి చూపలేదు. న్యూనతాభావం అక్కడ ఒక సామాజిక సంబంధం. ఈ సంగతిని గుర్తుంచుకోవడం అవసరం. తరువాతి కాలంలో అదే భావన వ్యక్తిలోని లోపంగా మారింది.

4.2 సలహా శీర్షిక:

రెండవ మార్గం వారపత్రిక. మాలతీ చందూర్ 1952 నుంచి దశాబ్దాల పాటు ఆంధ్రప్రభ వారపత్రికలో నిర్వహించిన 'ప్రమదావనం' శీర్షిక, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని బాధను ఉత్తరంగా రాయవచ్చునన్న ధైర్యాన్ని స్త్రీలకు ఇచ్చింది. తరువాతి కాలంలో వైద్యులు ప్రశ్నోత్తర శీర్షికలు నిర్వహించడం మొదలైంది. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం శరీరం, లైంగికతల విషయంలో ఉన్న అపోహలను శాస్త్రీయ వివరణతో తొలగించే ప్రయత్నం చేశారు. ఈ శీర్షికలు పాఠకుడికి ఒక కొత్త ప్రక్రియను నేర్పాయి. తన బాధను క్లుప్తంగా, కారణకార్య సంబంధంతో, అపరిచితుడికి అర్థమయ్యేలా రాయడం ఆ ప్రక్రియ. రోగి వైద్యునికి తన చరిత్ర చెప్పుకునే పద్ధతి కూడా ఇదే. ఆ విధంగా వైద్యుని గదిలోకి అడుగుపెట్టకముందే పాఠకుడికి ఆ గది మర్యాదలు తెలిశాయి.

4.3 వ్యక్తిత్వ వికాస గ్రంథం:

మూడవ మార్గానికి 1990లు కీలకమైన కాలం. ఆర్థిక సరళీకరణ 1991లో మొదలైంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు, కార్పొరేట్ జూనియర్ కళాశాలలు విస్తరించాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ప్రభుత్వోద్యోగమే గమ్యమైన తరానికీ, ఇంటర్వ్యూలో 'తనను తాను నిరూపించుకోవలసిన' తరానికీ మధ్య వచ్చిన ఖాళీని ఈ గ్రంథాలు నింపాయి.

ఈ దశలో ఇద్దరు రచయితలను ప్రధానంగా పేర్కొనాలి. యండమూరి వీరేంద్రనాథ్ అప్పటికే జనాదరణ పొందిన నవలాకారుడు. చేతబడిని, హిప్నాటిజాన్ని ఒకే కథలో ఎదురెదురుగా నిలిపిన 'తులసిదళం' ద్వారా ఆయన మనసు శక్తిని గురించిన కుతూహలాన్ని విస్తృత పాఠకవర్గంలో రేపారు. 1990లలో 'విజయానికి ఐదు మెట్లు'తో ఆ పాఠకవర్గాన్నే వ్యక్తిత్వ వికాసం వైపు మళ్ళించారు. కథ చెప్పి సూత్రం తీయడం, ఉదాహరణతో ఒప్పించడం, పాఠకుణ్ణి నేరుగా ప్రశ్నించడం అనే నవలాకారుని నైపుణ్యాలు ఈ ప్రక్రియకు ఉపకరించాయి. 2025లో కీర్తిశేషులైన డాక్టర్ బి.వి. పట్టాభిరామ్ ఇంద్రజాలికునిగా ప్రసిద్ధులై, హిప్నాటిజం మీదుగా కౌన్సెలింగ్‌కు వచ్చారు. వేదికపై వినోదంగా చూసిన హిప్నాటిజం చికిత్సాసాధనం కూడా కాగలదని ఆయన ప్రదర్శనలు, పుస్తకాలు సామాన్యులకు చెప్పాయి.

వీరి ప్రస్థానాల్లో ఒక సామ్యం ఉంది. ఇద్దరూ అతీతశక్తులపై నమ్మకం ఉన్న సమాజంతో ఆ నమ్మకం పరిధిలోనే సంభాషణ ప్రారంభించి, మనసు అనే వివరణ వైపు నడిపించారు. దయ్యం నుంచి నేరుగా వ్యాధి దగ్గరికి రావడం కష్టం. మధ్యలో 'మనశ్శక్తి' అనే మెట్టు ఒకటి అవసరమైంది.

5. భాషలో వచ్చిన మార్పు:

5.1 'కు' నుంచి 'కొను' వరకు:

తెలుగులో మనోభావాలను చెప్పే సహజమైన వాక్యంలో అనుభవించే వ్యక్తి కర్తృస్థానంలో ప్రథమావిభక్తితో ఉండడు. 'నాకు భయం వేసింది', 'ఆమెకు కోపం వచ్చింది', 'వాడికి దిగులు పట్టుకుంది' అంటాం. ఇక్కడ భయం, కోపం, దిగులు వ్యాకరణరీత్యా కర్తలు. అవి వస్తాయి, వేస్తాయి, పడతాయి, పోతాయి. వ్యక్తి వాటికి ఆశ్రయం మాత్రమే. సంప్రదాయ వ్యాకరణం షష్ఠిలో చేర్చిన 'కి, కు' ప్రత్యయాలు ఈ అనుభోక్తను సూచిస్తాయి. వచ్చినది పోతుందన్న ఊరట ఈ వాక్యనిర్మాణంలో అంతర్లీనంగా ఉంది.

వ్యక్తిత్వ వికాస గ్రంథాల ప్రధాన వాక్యం వేరు. 'భయాన్ని జయించండి', 'కోపాన్ని అదుపులో ఉంచుకోండి', 'ఆలోచనలను మార్చుకోండి', 'ఆత్మవిశ్వాసం పెంచుకోండి'. ఇక్కడ వ్యక్తి కర్త అయ్యాడు, భావం కర్మ అయింది. వ్యాకరణాలు ఆత్మార్థకంగా గుర్తించిన 'కొను' అనుప్రయోగం దాదాపు ప్రతి వాక్యంలోనూ కనబడుతుంది. పెంచు-కొను, తగ్గించు-కొను, మలచు-కొను, దిద్దు-కొను. ఆంగ్లంలోని 'సెల్ఫ్' అనే భావాన్ని తెలుగు ఈ చిన్న ధాతువులో ఇముడ్చుకుంది.

ఈ మార్పు వ్యక్తికి కర్తృత్వాన్ని ఇచ్చింది. బాధను నిస్సహాయంగా భరించనవసరం లేదన్న ఎరుక కలిగించింది. అయితే కర్తృత్వంతో పాటు బాధ్యత కూడా వస్తుంది. 'నాకు భయం పోలేదు' అన్నప్పుడు లోపం భయానిది. 'నేను భయాన్ని పోగొట్టుకోలేకపోయాను' అన్నప్పుడు లోపం నాది.

5.2 బెంగ, రంది, డిప్రెషన్:

దుఃఖచ్ఛాయలను చెప్పడానికి తెలుగులో సూక్ష్మమైన భేదాలు గల పదాలు ఉన్నాయి. 'బెంగ'కు ఒక ఆలంబనం కావాలి. అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. హాస్టలులో చేరిన పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడంటే మందు ఏమిటో ఆ మాటలోనే ఉంది. తెలంగాణ వ్యవహారంలోని 'రంది' కూడా ఇటువంటిదే. బిడ్డ పెళ్ళి రంది, అప్పుల రంది అన్నప్పుడు కారణం మాటకు ముందే వచ్చి నిలుస్తుంది. 'బుగులు' రాబోయే కీడును గురించిన భయం. 'ఫికర్', 'పరేషాన్' ఉర్దూ నుంచి వచ్చి హైదరాబాదు తెలుగులో కలిసిపోయాయి.

'డిప్రెషన్'కు ఇటువంటి ఆలంబనం అవసరం లేదు. 'డిప్రెషన్‌లో ఉన్నాడు', 'డిప్రెషన్‌లోకి వెళ్ళాడు', 'డిప్రెషన్‌ నుంచి బయటపడ్డాడు' అనే ప్రయోగాలన్నీ దాన్ని ఒక స్థలంగా భావిస్తాయి. పత్రికలు వాడే 'కుంగుబాటు'లో నేల కుంగడం, పొద్దు కుంగడం వంటి ప్రయోగాల ఛాయ ఉంది. వైద్యపరంగా ఇది విలువైన మార్పు. బయట కారణమేదీ కనబడకపోయినా మనిషి తీవ్రంగా కుంగిపోవచ్చునన్న సత్యాన్ని బెంగ, రంది చెప్పలేవు. 'అన్నీ ఉన్నాయి కదా, నీకేం రంది?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని మనిషికి 'డిప్రెషన్' అనే మాట ఆశ్రయమైంది. కాని కారణం కళ్ళెదుట ఉన్నప్పుడు కూడా అదే మాట వాడితే, ఆ కారణం కనుమరుగవుతుంది.

5.3 ఒత్తిడి, ఆందోళన:

'ఒత్తిడి' మొదట భౌతికమైన మాట. హాన్స్ సెల్యే 1936 నుంచి జరిపిన పరిశోధనల వల్ల శరీరశాస్త్రంలో స్థిరపడిన 'స్ట్రెస్' భావనకు అది తెలుగు సమానార్థకమైంది. ఎవరు ఒత్తుతున్నారన్న ప్రశ్నకు ఒకప్పుడు ఆ పదంలోనే చోటు ఉండేది. 'పైవాళ్ళ ఒత్తిడి', 'అప్పులవాళ్ళ ఒత్తిడి' అనేవారు. 'నాకు ఒత్తిడి ఎక్కువ' అన్నప్పుడు ఒత్తే చేయి వాక్యంలో నుంచి తప్పుకుంది.

'ఆందోళన' మరింత ఆసక్తికరం. ఊగిసలాట అనే మూలార్థం గల ఈ సంస్కృతపదానికి ఆధునిక తెలుగులో రెండు అర్థాలు ఏర్పడ్డాయి. ఒకటి 'యాంగ్జయిటీ', రెండవది ప్రజల నిరసన. 'కార్మికుల ఆందోళన' అనే పత్రికా శీర్షికను చూసి వారు భయపడుతున్నారని అనుకోం, రోడ్డెక్కారని అర్థం చేసుకుంటాం. అదే కార్మికుడు ఒంటరిగా వైద్యుని ముందు కూర్చున్నప్పుడు 'ఆందోళన' అతని లోపలి రుగ్మత అవుతుంది. వ్యక్తిత్వ వికాస గ్రంథాలు ఈ రెండవ ప్రయోగాన్నే బలపరిచాయి. ఒకే పదం రెండు అర్థాల మధ్య నిలవడం, ఒకే బాధకు రెండు పరిష్కారాలు ఉండవచ్చునని గుర్తు చేస్తుంది.

6. ఉప్పల్, నాచారం - రెండు రకాల పాఠకులు:

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ భావనల వ్యాప్తిని గమనించడానికి అనువైన సామాజికవైవిధ్యం ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఆ పక్కనే సీసీఎంబీ ఉప్పల్ రహదారి మీద ఉన్నాయి. కొద్ది దూరంలో ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు, కార్మికుల కోసం నెలకొన్న నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉన్నాయి. వరంగల్ వైపు వెళ్ళే బస్సులకు ఉప్పల్ కూడలి ప్రధాన కేంద్రం కావడంతో జనగామ, వరంగల్, నల్లగొండ ప్రాంతాల మాండలికాలు ఇక్కడ నిత్యం వినబడతాయి. 2017 నవంబరులో నాగోలు - అమీర్‌పేట మెట్రోమార్గం ప్రారంభమైన తరువాత, తూర్పున నివసిస్తూ పడమట ఉద్యోగం చేసే మధ్యతరగతి ఈ ప్రాంతంలో మరింత స్థిరపడింది. కనుక 'రంది', 'టెన్షన్', 'యాంగ్జయిటీ' ఒకే కుటుంబంలోని మూడు తరాల మాటలుగా ఇక్కడ వినబడటం అరుదు కాదు.

ఇక్కడి కళాశాల విద్యార్థిని ఒక పాఠకునిగా, పారిశ్రామికవాడ కార్మికుణ్ణి మరొక పాఠకునిగా ఊహించుకుందాం. విద్యార్థి వ్యక్తిత్వ వికాస గ్రంథాన్ని పరీక్షకు, ఇంటర్వ్యూకు సన్నద్ధమయ్యే సాధనంగా చదువుతాడు. కార్మికుడు బహుశా పుస్తకం చదవడు. దాని సారాంశాన్ని వీడియోగానో, సంస్థ ఏర్పాటుచేసిన శిక్షణ తరగతిలోనో వింటాడు. ఇద్దరికీ అందే సందేశం ఒకటే: నీ వైఖరిని మార్చుకో.

కార్మికుని విషయంలో పేరుకు ఉన్న విలువ మరింత స్పష్టం. ఈఎస్‌ఐ పథకం కింద నిర్ణీత దీర్ఘవ్యాధులకు విస్తృత అనారోగ్య ప్రయోజనం లభిస్తుంది. అర్హులైన బీమా కార్మికులకు వేతనంలో 80 శాతం చొప్పున గరిష్ఠంగా 2 సంవత్సరాల వరకు ఇది అందుతుంది. ఆ వ్యాధుల జాబితాలో స్కిజోఫ్రెనియా వంటి తీవ్ర మానసిక రుగ్మతలు కూడా ఉన్నాయి. అంటే వైద్యుడు నిర్ధారించిన వ్యాధి కార్మికునికి ఒక హక్కు. శిక్షణ తరగతిలో విన్న 'స్ట్రెస్' అతనికి ఒక కర్తవ్యం మాత్రమే. ఒకటి సెలవు ఇస్తుంది, మరొకటి శ్వాసవ్యాయామం చెబుతుంది. ఈ భేదం తెలియని కార్మికుడు తనకు చట్టం ఇచ్చినదాన్ని అడగకుండానే, తన మనోబలం చాలలేదని నమ్మే ప్రమాదం ఉంది.

7. మేలు, పరిమితులు:

7.1 చేకూరిన మేలు:

హైదరాబాదు వ్యవహారంలో 'ఎర్రగడ్డ' అనే ఊరిపేరు చాలాకాలం మానసిక వైద్యశాలకు, దాని ద్వారా 'పిచ్చి'కి పర్యాయపదంగా ఉంది. పిచ్చి, పిచ్చి కాకపోవడం - ఈ రెండే గదులు ఉన్న ఇంట్లో వ్యక్తిత్వ వికాస గ్రంథం మూడవ గదిని నిర్మించింది. పిచ్చివాడనిపించుకోకుండానే తన మనసు బాగాలేదని చెప్పుకునే వెసులుబాటు కలిగింది. నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. వివిధ రుగ్మతల్లో చికిత్స అందనివారు 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారు. వైద్యుడు అందని చోట పుస్తకం అందడం చిన్న విషయం కాదు.

చికిత్సాపద్ధతి ఆధారంగా రాసిన పుస్తకాలు స్వల్పమైన కుంగుబాటులో కొంత మేలు చేస్తాయని 1980ల చివరి నుంచి జరిగిన పరిశోధనలు సూచించాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు నిపుణుల తోడ్పాటుతో సాగే స్వయం సహాయాన్ని ప్రాథమిక చికిత్సల్లో ఒకటిగా గుర్తించాయి. ఇక్కడ రెండు షరతులు గమనార్హం: వ్యాధి స్వల్పమైనది కావాలి, తోడుగా నిపుణుడు ఉండాలి.

7.2 మొదటి పొరపాటు - వ్యాధిని సంకల్పలోపంగా భావించడం:

తెలుగు వ్యక్తిత్వ వికాస గ్రంథాలకు ఈ షరతులు సాధారణంగా వర్తించవు. చికిత్స, విశ్వాసం, విజయం కలిసిపోయినందువల్ల, తీవ్రమైన కుంగుబాటులో ఉన్న పాఠకుడు కూడా 'అనుకుంటే సాధించలేనిది లేదు' అన్న ధోరణినే ఎదుర్కొంటాడు. అనుకోగల శక్తినే హరించడం ఆ వ్యాధి లక్షణం. ఉదయం మంచం దిగలేని మనిషికి లక్ష్యనిర్దేశం చేసుకొమ్మని చెప్పడం, విరిగిన కాలితో పరుగెత్తమనడం వంటిది. పుస్తకం పనిచేయకపోతే అతడు పుస్తకాన్ని అనుమానించడు, తననే అనుమానిస్తాడు.

పరిభాష పాతబడటం దీనికి తోడైంది. ఒకప్పుడు ప్రధానవర్గమైన 'న్యూరోసిస్'ను అమెరికా మనోవైద్య సంఘం 1980 నాటి వర్గీకరణలో ఆ స్థానం నుంచి తొలగించింది. తెలుగువారి నోట అత్యధికంగా వినబడే 'ఇన్‌ఫీరియారిటీ కాంప్లెక్స్' ఈనాటి వైద్య వర్గీకరణల్లో రోగనిర్ధారణగా లేనేలేదు. శాస్త్రం విడిచిపెట్టినది వ్యవహారంలో నిలిచిపోవడం భాషకు కొత్త కాదు. అయితే దాన్ని శాస్త్రంగానే భావించి ఒక విద్యార్థికి ముద్ర వేయడం తగదు.

7.3 రెండవ పొరపాటు - అన్యాయాన్ని వ్యాధిగా భావించడం:

2019 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల ఉదంతం అధ్యాపకలోకానికి గుర్తుండే ఉంటుంది. మూల్యాంకన, ఫలితాల ప్రక్రియలో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్నా పడింది. ఫలితాల అనంతరం పలువురు విద్యార్థులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించింది. ఉత్తీర్ణులు కానివారి జవాబుపత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ఆదేశించింది.

ఇటువంటి సందర్భాల్లో 'విద్యార్థులు మనోనిబ్బరం పెంచుకోవాలి' అన్న సలహా తరచూ వినబడుతుంది. సలహాలో దోషం లేదు. కాని సున్నా వేసిన చేతిని అది చూపదు. 'పెంచుకోవాలి' అనే ఆత్మార్థక క్రియ బాధ్యతను బాధితుని వైపు మళ్ళిస్తుంది. విద్యార్థికి ఓదార్పు, అవసరమైతే వైద్యం అందాలి. దానితో పాటు వ్యవస్థ తప్పును సరిదిద్దాలి. రెండవది చేయకుండా మొదటిది మాత్రమే చేస్తే మనోవైద్య పరిభాష అన్యాయాన్ని కప్పిపుచ్చే తెర అవుతుంది.

చట్టం ఈ విషయంలో కొంత ముందడుగు వేసింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలనీ, శిక్షించరాదనీ నిర్దేశించింది. ఆ వ్యక్తికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. ఇక్కడ 'ఒత్తిడి' తిరిగి ఇతరుల బాధ్యతగా మారింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీమానస్ సేవ 14416 నంబరు ద్వారా ఉచితంగా మాట్లాడే అవకాశం కల్పిస్తోంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• మనోవైద్య భావనలు తెలుగు నిత్యవ్యవహారంలోకి నవల, సలహా శీర్షిక, వ్యక్తిత్వ వికాస గ్రంథం అనే మూడు మార్గాల్లో ప్రవేశించాయి. నవలలో సామాజికసంబంధంగా ఉన్న న్యూనతాభావం, వ్యక్తిత్వ వికాస గ్రంథంలో వ్యక్తిగత లోపంగా మారింది.

• తెలుగులో 'స్వయం సహాయం' సంఘానికి, 'వ్యక్తిత్వ వికాసం' పుస్తకానికి పేరైంది. ఈ విభజన సమష్టి, వ్యక్తి అనే రెండు పరిష్కారమార్గాలను ప్రతిబింబిస్తుంది.

• మనోభావాలను చెప్పే వాక్యం 'కి, కు' అనుభోక్త నిర్మాణం నుంచి 'కొను' ఆత్మార్థక నిర్మాణం వైపు జరిగింది. దీనివల్ల వ్యక్తికి కర్తృత్వం, దానితో పాటు నిందాభారం కూడా సంక్రమించాయి.

• 'పిచ్చి' అనే ముద్ర లేకుండా బాధను చెప్పుకునే వీలు కల్పించడం ఈ గ్రంథాల ప్రధాన ప్రయోజనం. వ్యాధిని సంకల్పలోపంగా, అన్యాయాన్ని వ్యాధిగా చూపగల అవకాశం వాటి ప్రధాన పరిమితి.

తెలుగు అధ్యాపకుని దగ్గరికి వచ్చే విద్యార్థి ముందుగా తెచ్చేది రోగనిర్ధారణను కాదు, ఒక మాటను. 'డిప్రెషన్' అన్నప్పుడు అది బెంగా, రందియా, బుగులా, ఎవరో పెడుతున్న ఒత్తిడా, లేక వైద్యుడు చూడవలసిన వ్యాధా అని నిదానంగా అడిగి తెలుసుకోవడానికి వైద్యపట్టా అక్కరలేదు, భాష మీద పట్టు ఉంటే చాలు. జవాబు ఆ చివరిదైతే ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి పంపాలి. మిగిలినవైతే వాటికి మందు పుస్తకంలో గాక, ఇంట్లో, కళాశాలలో, పనిచోట వెతకాలి. పాత మాటలను కాపాడుకోవడం కొత్త మాటలను నిరాకరించడానికి కాదు. ఏ బాధకు ఏ మాట సరిపోతుందో ఎంచుకునే వీలు మనుషులకు ఉండాలి.